నీటి కింది ఊళ్లు, ఒడ్డున నిలబడ్డ గుళ్లు: ఒక కట్టడం చరిత్రను ఎలా గుర్తుపెట్టుకుంటుంది?

నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్తుంటే చుట్టూ నీళ్లు, దూరంగా కొండలు తప్ప ఏమీ కనిపించవు. కానీ ఆ లాంచీ ఒక నగరం మీదుగా వెళ్తోంది. క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధానిగా వెలిగిన విజయపురి ఆ నీళ్ల అడుగున ఉంది. లాంచీ దిగి మెట్లెక్కితే, ఆ నగరంలో దొరికిన శిల్పాలు కొండ మీది మ్యూజియంలో వరుసగా నిలబడి ఉంటాయి. నగరం కింద, దాని జ్ఞాపకం పైన.

దక్షిణ తెలంగాణలో చరిత్రకు గుర్తుగా నిలిచిన కట్టడాల్లో కొన్ని ఇలాంటివే. ఏదో ఒక చోటు నుంచి కదిలి వచ్చినవో, పోయినదాని స్థానంలో కట్టినవో. మరోవైపు ఏటా సెప్టెంబరు 17, అంటే 1948లో హైదరాబాద్ సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయిన రోజు రాగానే, నిజాం పాలనకూ దొరలకూ వ్యతిరేకంగా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి సరైన స్మారకం ఏది, మ్యూజియం ఎలా ఉండాలి అనే చర్చ లేస్తుంది. ఈ రెండు విషయాలకూ మూలంలో ఉన్న ప్రశ్న ఒకటే. రాయి, సిమెంటు, ఇనుముతో కట్టిన ఒక భవనం ఒక జనం జ్ఞాపకాన్ని ఎలా పట్టి ఉంచుతుంది?

ముందు మాటలు తేల్చుకుందాం

స్మారకం అంటే ఒక మనిషినో, ఒక ఘటననో తలచుకోవడానికి నిలబెట్టింది. దాని ముందు ఆగుతాం, దండ వేస్తాం, వెళ్లిపోతాం. మ్యూజియం అంటే వస్తువులను భద్రపరిచి, వాటి కథ చెప్పే చోటు. అందులో నడుస్తాం, చదువుతాం. ఈ మధ్య కట్టినవాటిలో ఈ రెండూ కలిసిపోతున్నాయి. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన 2023 జూన్ 22న ప్రారంభమైన అమరవీరుల స్మారకం బయటికి స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన పెద్ద ప్రమిద. లోపల తెలంగాణ ఉద్యమ చిత్రాల ప్రదర్శన ఉంది.

చరిత్ర, జ్ఞాపకం అనే మాటలను కూడా వేరుగా చూడాలి. శాసనం, నాణెం, దస్తావేజు, సాక్ష్యం లాంటి ఆధారాలతో నిలబడేది చరిత్ర. ఒక ఊరో, ఒక కుటుంబమో, ఒక పార్టీయో 'ఇది మాది' అని తరతరాలుగా చెప్పుకునేది జ్ఞాపకం. చరిత్రలో ఒక తేదీ తప్పయితే దిద్దుకుంటారు. జ్ఞాపకాన్ని అలా దిద్దబోతే మనసులు నొచ్చుకుంటాయి. మ్యూజియం కట్టేవాళ్ల మీద ఈ రెండింటి బరువూ పడుతుంది.

భవనానికి మాట రాదు. అది చెప్పదలుచుకున్నది గుమ్మం ఎక్కడ పెట్టారు, వెలుతురు ఎటునుంచి వస్తుంది, ఏ గది తర్వాత ఏ గది వస్తుంది, ఎక్కడ ఖాళీ వదిలారు అనేవాటితోనే చెప్పాలి.

పదిహేడు వందల ఏళ్ల కిందటే తెలిసిన విద్య

ఈ విద్య ఈ నేలకు కొత్తది కాదు. నాగార్జునకొండ మహాచైత్యాన్నే తీసుకోండి. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి పోషణలో కట్టింది. పునాది పైనుంచి చూస్తే బండి చక్రంలా, ఆకులతో (స్పోకులతో) సహా కనిపిస్తుంది. చక్రం ధర్మానికి గుర్తు. ఈ ప్రాంతపు స్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలుంటాయి. ఒక్కో వేదిక మీద అయిదు స్తంభాలు. వాటిని ఆయక స్తంభాలు అంటారు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానం పొందడం, మొదటి బోధ, నిర్యాణం, ఈ అయిదింటికీ అవి గుర్తులని చెబుతారు. చదువు రానివాడు కూడా చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తే ఆ జీవితం మొత్తాన్ని నాలుగు సార్లు దాటినట్టే. స్తూపం లోపలికి వెళ్లడానికి దారి ఉండదు. చుట్టూ తిరగడమే తలచుకోవడం.

అదే లోయలో దొరికిన ఛాయాస్తంభాలు నాకు ఇంకా ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తాయి. ఛాయ అంటే ఇక్కడ పోయినవారి ప్రతిరూపం. చాంతమూలుడి కోసం ఆయన కొడుకు వీరపురుషదత్తుడి పాలనలో నిలబెట్టిన స్తంభం మీద, దాన్ని వేయించిన రాజకుటుంబపు స్త్రీల ప్రస్తావన ఉంది. రాజులకే కాదు, యుద్ధంలో పడిపోయిన సైనికులకూ, పనివారి పెద్దకూ అక్కడ ఛాయాస్తంభాలు వేశారు. మామూలు మనిషిని రాతిలో గుర్తుపెట్టుకోవడం అప్పుడే మొదలైంది. తర్వాతి కాలంలో ఊరి పొలిమేరల్లో వెలిసిన వీరగల్లులు, అంటే పోరులో పడినవారి గుర్తుగా నిలిపిన రాళ్లు, చేసిన పనీ అదే.

ఇంకో సంగతి మన నాలుక మీదే ఉంది. నల్లగొండ పల్లెల్లో సాయుధ పోరాటంలో చనిపోయినవారికి కట్టిన ఎర్ర దిమ్మెను ఏమంటాం? స్తూపం అనే. బౌద్ధుల మాట కమ్యూనిస్టుల జెండా గద్దె దాకా నడిచొచ్చింది. రూపం పూర్తిగా మారింది, నమ్మకం మారింది, కానీ పోయినవాళ్ల కోసం ఊరి నడుమ ఒకటి నిలబెట్టి, ఏడాదికోసారి దాని చుట్టూ చేరడం మారలేదు.

నగరం మునిగి, మ్యూజియం తేలింది

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసే నాటికి లోయలో తవ్వకాలు మొదలై ఉన్నాయి. ఆ చోటు ప్రాముఖ్యం 1926లోనే బయటపడింది. నీళ్లొస్తున్నాయని తెలిశాక ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 వరకు ఆ లోయను తవ్వారు. అంటే కాలంతో పందెం. దొరికినదంతా కాపాడటం సాధ్యం కాదు. ముఖ్యమనుకున్న కొన్ని కట్టడాలను ఊడదీసి కొండ మీద తిరిగి పేర్చారు. మెట్లమెట్లుగా ఉన్న రంగస్థలం వంటివాటిని కుడి ఒడ్డున అనుపులో నిలబెట్టారు. మిగతావాటికి నమూనాలు చేశారు. మ్యూజియం భవనాన్ని బౌద్ధ విహారాన్ని తలపించేలా కట్టారు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కొండ మీద ఉన్నది అసలుదా, నకలుదా? ఇటుక అసలుదే కావచ్చు, చోటు అసలుది కాదు. స్నానఘట్టం నది ఒడ్డున ఉండాలి కాబట్టే అక్కడ కట్టారు. కొండ మీద దాని మెట్లు చూస్తే ఎలా కట్టారో తెలుస్తుంది గానీ, ఎందుకు అక్కడ కట్టారో తెలియదు. పురావస్తు నిపుణుల్లో ఒక వర్గం అందుకే తరలింపును ఆఖరి దారిగా మాత్రమే ఒప్పుకుంటుంది. ఇంకో వర్గం వాదన కూడా తేలిగ్గా తీసేసేది కాదు. తరలించకపోతే ఆ రాళ్లను మన తరం చూసేదే కాదు. సాగర్ నీళ్లు లేకపోతే ఎడమ కాలువ కింద నల్లగొండ పొలాలూ ఉండేవి కావు.

ఎడమ ఒడ్డున, నల్లగొండ జిల్లా వైపు, 2022 మేలో ప్రారంభమైన బుద్ధవనం మూడో దారి పట్టింది. 274 ఎకరాల్లో అన్నీ కొత్తగా కట్టినవే. అందులోని మహాస్తూపానికి అమరావతి స్తూపమే నమూనా. అమరావతి శిల్పాల్లో పెద్ద భాగం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై మ్యూజియంలో ఉంది. అసలువి చూడలేని మనకు అవి ఎంత ఎత్తున, ఏ వరుసలో ఉండేవో చూపించడానికి ఇలాంటి ప్రతిరూపం పనికొస్తుంది. ఒక తేడా మాత్రం గమనించాలి. పాత స్తూపం లోపల అంతా నిండి ఉండేది, దాని చుట్టూ తిరిగేవాళ్లు. కొత్తదాని లోపలికి వెళ్లి కూర్చోవచ్చు. చూడటానికి రెండూ ఒకటేలా ఉన్నా మన ఒంటితో చేయించే పని వేరు.

ఒకే జలాశయం, మూడు జవాబులు

మునిగిపోబోయే కట్టడాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకు శ్రీశైలం జలాశయం ఒడ్డున మూడు రకాల జవాబులు కనిపిస్తాయి.

మొదటిది అలంపురం. ఏడో శతాబ్దంలో బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాలు కట్టినచోటే ఉన్నాయి. శ్రీశైలం వెనుక నీళ్లు రాకుండా అడ్డంగా రక్షణ గోడ కట్టారు. చోటు దక్కింది, తుంగభద్ర పక్కనే ఉన్నామన్న సంగతీ దక్కింది. బదులుగా గుడికీ నదికీ మధ్య ఒక పెద్ద గోడ వచ్చింది. 2009 అక్టోబరు వరదల్లో అలంపురం మునిగినప్పుడు ఆ గోడకు కూడా హద్దు ఉందని తెలిసొచ్చింది.

రెండోది కూడవెల్లి సంగమేశ్వరాలయం. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉండే ఈ చాళుక్య ఆలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో నిలబెట్టారు. పద్ధతి వినడానికి సులువుగానే ఉంటుంది. ముందు కొలతలు తీసి, బొమ్మలు గీసి, ఫొటోలు తీస్తారు. ప్రతి రాయికీ ఒక నంబరు వేస్తారు. పైనుంచి కిందికి విప్పుతారు, కొత్త పునాది మీద కిందినుంచి పైకి పేరుస్తారు. శిఖరం మీద ఒక్క రాయి అటూ ఇటూ అయితే బరువు దారి తప్పుతుంది. ఇంత శ్రమకు ఓర్చినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం. అయినా ఒక మాట చెప్పాలి. సంగమేశ్వరుడు అంటే నదులు కలిసేచోటి దేవుడు. ఇప్పుడు ఆ గుడి ముందు నిలబడితే సంగమం లేదు. గుడి వదిలేసి వచ్చినదాన్ని పేరే మోస్తోంది.

పాపనాశి ఆలయాలనూ ఇలాగే అలంపురం దగ్గరికి తెచ్చారు. కొల్లాపూర్ వైపు సోమశిల, జటప్రోలుల్లోనూ ముంపు నుంచి తరలించిన గుళ్లున్నాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి వెళ్లినవాళ్లు ఊడలమర్రిని చూసి తిరిగొచ్చేస్తారు. దాని పక్కనే మ్యూజియం ఉంది. ముంపు ఊరి నుంచి తెచ్చి తిరిగి కట్టిన రాజరాజేశ్వరాలయం ఉంది. ఈసారి వెళ్తే ఒక పావుగంట ఆ గుడి దగ్గర నిలబడండి. మనం మ్యూజియంలో వస్తువులను చూస్తాం కదా, అక్కడ గుడే ఒక వస్తువు.

మూడో జవాబు నదికి అవతల, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న సప్తనదీ సంగమేశ్వరం. అది ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్లలోనే ఉంటుంది. ఎండాకాలంలో నీటిమట్టం తగ్గగానే బయటపడుతుంది. పూజారి, భక్తులు చేరుకుంటారు, వేపకట్టెతో చేసిన లింగానికి పూజ జరుగుతుంది. నీళ్లు రాగానే గుడి మళ్లీ లోపలికి. కట్టడాలను కాపాడే శాస్త్రం ప్రకారం ఇది నష్టమే. ఏటా తడిసి ఎండే రాయి అరుగుతుంది. అక్కడికి వచ్చే భక్తులకు మాత్రం దేవుడు కదలకుండా తన చోటే ఉన్నాడు, కొన్నాళ్లు దర్శనం ఇవ్వడంలేదు అంతే.

ఈ మూడింటిలో ఏది సరైనదని తేల్చడం ఎవరికీ తేలిక కాదు. దేన్ని కాపాడాలనుకుంటున్నాం అన్నదాని మీద జవాబు మారుతుంది. రాతిని కాపాడాలంటే కూడవెల్లి, చోటును కాపాడాలంటే అలంపురం, అలవాటును కాపాడాలంటే సంగమేశ్వరం.

ఫణిగిరి తోరణం ఎవరి దగ్గర ఉండాలి?

దొరికినచోటే పెట్టే మ్యూజియాన్ని సైట్ మ్యూజియం అంటారు. నల్లగొండ పక్కన పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలోని మ్యూజియం అలాంటిదే. గుడి గోడ మీద రామాయణ, భారత కథల శిల్పాలు చూసి నాలుగడుగులు వేస్తే చుట్టుపక్కల దొరికిన విగ్రహాలు కనిపిస్తాయి. కందూరు చోడుల రాజధానిలోనే నిలబడి వాళ్ల కాలాన్ని చూస్తాం.

సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికిన బౌద్ధ తోరణం శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. ప్రపంచం చూసింది, గర్వపడ్డాం. పెద్ద మ్యూజియంలో భద్రత, నిపుణులు, సరైన వెలుతురు ఉంటాయన్నది ఒక వాదం. ఊళ్లో ఉంటే ఆ ఊరి బడిపిల్లలు తమ కొండను వేరేగా చూస్తారన్నది ఇంకో వాదం. విగ్రహాల దొంగతనాలు జరిగే చోట మొదటి వాదానికి బలం ఎక్కువ. కాపలా, మంచి గది ఇవ్వగలిగితే నా మనసు రెండోదాని వైపే మొగ్గుతుంది.

వస్తువులు లేకపోయినా మాట్లాడే రూపం

కొన్ని ఘటనల్లో చూపించడానికి వస్తువులే మిగలవు. అప్పుడు భవనమే కథ చెప్పాలి. 2001లో తెరిచిన బెర్లిన్ యూదుల మ్యూజియంలో వాస్తుశిల్పి డేనియల్ లిబెస్కిండ్ భవనాన్ని నిలువునా చీలుస్తూ ఖాళీ కాంక్రీటు బావుల లాంటివి వదిలాడు. లేకుండా పోయిన మనుషుల చోటు అది. వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకంలో (1982) మాయా లిన్ నల్ల గ్రానైటు గోడ మీద 58,000కు పైగా పేర్లు చెక్కించింది. హోదా ప్రకారం కాదు, పోయిన తేదీల వరుసలో. ఇది స్మారకంలా లేదు, గాయంలా ఉందని కొందరు మాజీ సైనికులు నొచ్చుకున్నారు. 1984లో పక్కన ముగ్గురు సైనికుల విగ్రహాలు పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు జనం ఆ గోడ దగ్గరే పేరు తడిమి ఏడుస్తారు.

మన హైదరాబాద్ గన్‌పార్కు స్తూపం కూడా ఇలా రూపంతోనే మాట్లాడుతుంది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో చనిపోయినవారికి ఎక్కా యాదగిరిరావు చెక్కిన ఆ స్తూపంలో తొమ్మిది అనే అంకె మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అప్పటి తెలంగాణలో ఉన్నవి తొమ్మిది జిల్లాలే. నేటికి జిల్లాలు 33 అయినా స్తూపం ఆ నాటి పటాన్నే పట్టుకుని ఉంది.

రూపం అతిగా మాట్లాడితే నష్టమూ ఉంది. జలియన్‌వాలాబాగ్‌లో 2021లో చేసిన మార్పుల్లో, సైనికులు లోపలికి వచ్చిన ఆ ఇరుకు సందు గోడల మీద శిల్పాలు అమర్చారు. చాలామంది చరిత్రకారులు అభ్యంతరం చెప్పారు. ఆ ఇరుకే సాక్ష్యం, దానికి అలంకారం అక్కర్లేదన్నది వాళ్ల మాట. కొత్త తరానికి అర్థమవ్వాలంటే బొమ్మలు కావాలన్నది మార్పుల్ని సమర్థించినవారి మాట.

సెప్టెంబరు 17: మొదటి గది ఏ తేదీతో తెరుచుకోవాలి?

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. నల్లగొండలో సాయుధ పోరాట మ్యూజియం కడుతున్నాం. నడవా ఒకటి, గదులు కొన్ని. లోపల పెట్టే వస్తువులు ఎలాగూ ఒకటే అనుకుందాం. మొదటి గది, చివరి గది మాత్రం మనం ఎంచుకోవాలి.

మొదటి గదిని 1948 సెప్టెంబరు 13తో, అంటే 'పోలీసు చర్య' పేరుతో భారత సైన్యం నిజాం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చిన రోజుతో మొదలుపెట్టి, సెప్టెంబరు 17 లొంగుబాటుతో ముగిస్తే అది సైన్యం తెచ్చిన విముక్తి కథ అవుతుంది.

1944 భువనగిరి ఆంధ్ర మహాసభతో మొదలుపెట్టి, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ఘటన మీదుగా నడిపి, 1951 అక్టోబరులో పోరాట విరమణతో ముగిస్తే అది భూమి కోసం, వెట్టికి వ్యతిరేకంగా సాగిన రైతు పోరు. ఈ కథలో సెప్టెంబరు 17 మధ్యలో ఒక గుమ్మం మాత్రమే. ఆ తర్వాత కూడా మూడేళ్లు తుపాకులు మోగాయి.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చిన ఘట్టంతో ముగిస్తే కథ శాంతి వైపు తిరుగుతుంది. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి సాయుధ పోరాట నేత రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన గదితో ముగిస్తే, తుపాకీ నుంచి ఓటుకు నడిచిన కథ అవుతుంది.

ఆ రోజుకున్న పేర్లలోనే ఈ గొడవంతా ఉంది. కేంద్రం 2022 నుంచి విమోచన దినం అంటోంది. రాష్ట్రంలో 2022, 2023ల్లో సమైక్యతా దినంగా, 2024లో ప్రజాపాలన దినోత్సవంగా జరిపారు. వామపక్షాలు సాయుధ పోరాట వారోత్సవాలు చేస్తాయి. విద్రోహ దినం అనేవాళ్లూ ఉన్నారు.

ఇంకో గది గురించి ఎవరూ తొందరగా మాట్లాడరు. పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హింసపై కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని అంచనా వేసింది. ఎక్కువగా సంస్థానపు పడమటి జిల్లాల్లో. చిట్యాల దగ్గర గుండ్రాంపల్లిలో రజాకార్లు, అంటే నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం వాళ్లు, చంపినవారికి స్తూపం ఉంది, ఉండాలి కూడా. అటువైపు చనిపోయినవారికీ మ్యూజియంలో ఒక గోడ ఇవ్వాలా? ఇస్తే రజాకార్ల నేరం తగ్గిపోతుందని కొందరి భయం. ఇవ్వకపోతే చరిత్రలో సగం దాచినట్టని ఇంకొందరు అంటారు. నా మటుకు, బాధితులను బాధితులుగా పక్కపక్కన చూపినంత మాత్రాన ఏ నేరమూ చిన్నదవదు.

గడీలదీ ఇలాంటి సమస్యే. దొరల గడీలు, అంటే కోటల్లాంటి వాళ్ల ఇళ్లు, కూలిపోతున్నాయి. పోనీ, అది బానిసత్వపు గుర్తు, ఎందుకు కాపాడాలని వెట్టి చేసిన కుటుంబాలు అడిగితే తప్పు పట్టలేం. కానీ ఆ ఎత్తైన గోడ, ఆ పెద్ద దర్వాజా, జనం చేతులు కట్టుకుని నిలబడిన ఆ అరుగు లేకుండా వెట్టి అంటే ఏమిటో రేపటి పిల్లకు ఏ బోర్డు చెప్పగలదు? గడీని గడీ కథ చెప్పడానికి కాకుండా, దాని ముందు నిలబడ్డవాళ్ల కథ చెప్పడానికి వాడుకోవచ్చు. గుమ్మం మార్చితే చాలు. సందర్శకుడు దొర వచ్చే దారిన కాకుండా వెట్టివాళ్లు వచ్చే వెనక దారిన లోపలికి రావాలి.

దేవుళ్లకు నంబర్లు వేశారు, ఊళ్లకు?

శ్రీశైలం కింద సుమారు వంద ఊళ్లు మునిగాయి. గుళ్లను విప్పి నంబర్లు వేసి తెచ్చారు. ఇళ్లకు, బావులకు, కల్లాలకు, పీర్ల కొట్టాలకు, సమాధులకు నంబర్లు పడలేదు. అంతా తేవడం కుదరదు, నిజమే. కానీ తెచ్చిన ప్రతి గుడీ ఎవరి ఊరి నుంచి వచ్చింది, ఆ ఊళ్లో ఎన్ని ఇళ్లుండేవి, వాళ్లు ఎటు వెళ్లారు అన్నది గుడి ముందు రాతి మీద ఉంటే, ఆ గుడే ముంపు ఊరి మ్యూజియం అయ్యేది. నాగార్జునకొండ మ్యూజియంలో మునిగిన లోయకు నమూనా చేసి పెట్టారు. కొల్లాపూర్, అలంపురం వైపు ఊళ్లకు అలాంటి నమూనా చేయాలంటే ఇప్పుడే కూర్చోవాలి. వీధులు ఎటు తిరిగేవో చెప్పగలిగినవాళ్లు అరవై దాటినవాళ్లే.

జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. ఎండాకాలంలో అది బాగా దిగినప్పుడు ఒడ్డున పాత గోడల మొదళ్లు బయటపడతాయి. ఆ ఊళ్లవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి, బురద మీద నడుస్తూ, ఇది మన వాకిలి, అది బావి, అటు బడి అని చూపిస్తుంటారు.